ముందు సముద్రపు గీత, తర్వాతే ఇల్లు: తీరాన్ని, పాత ఇంటిని నీటిరంగుల్లో వేయడం ఎలా?

సముద్రం ఒడ్డున ఓ పాత ఇల్లు. వెనకాల నీలం, ముందు ఇసుక, పైన మబ్బు. చూడటానికి ఎంత తేలిగ్గా కనిపిస్తుందో వేసేటప్పుడు అంత మొండికేస్తుంది. మొదట్లో నేను వేసిన బొమ్మల్లో ఇల్లూ బాగానే ఉండేది, సముద్రమూ బాగానే ఉండేది. రెండూ కలిపి చూస్తే మాత్రం ఇల్లు నేల మీద నిలబడేది కాదు, స్టిక్కర్ అతికించినట్టు గాల్లో తేలేది. రంగుల్లో లోపం అనుకుని ట్యూబుల మీద ట్యూబులు కొన్నాను. తీరా చూస్తే తప్పు రంగుల్లో లేదు. సముద్రాన్ని నిలబడి చూసి గీశాను, ఇంటిని కూర్చుని చూసి గీశాను. ఒకే కాగితం మీద రెండు చూపులు పెడితే ఎన్ని రంగులు కొన్నా అది అతకదు.

అందుకే ఇక్కడ రంగుల కంటే ముందు గీత గురించి చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

సామాను

ఎక్కువ అక్కర్లేదు. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉన్న కోల్డ్ ప్రెస్ కాగితం, అంటే కాస్త గరుకుగా ఉండేది, తీసుకోండి. కాటన్‌తో చేసినదైతే ఇంకా మంచిది. దాని గరుకుదనమే తర్వాత అలల మీద మెరుపు తెప్పిస్తుంది కాబట్టి నున్నటి కాగితం వద్దు. దాన్ని ఓ అట్ట మీద నాలుగువైపులా టేపుతో బిగించండి. 12 నంబరు గుండ్రటి కుంచె ఒకటి, 6 నంబరుది ఒకటి, అంగుళం వెడల్పు చదును కుంచె, తాళ్లూ గడ్డిపోచలూ వేయడానికి సన్నగా పొడవుగా ఉండే రిగ్గర్ కుంచె చాలు.

రంగులు ఆరు: అల్ట్రామెరైన్ (చిక్కటి నీలం), సెరూలియన్ (ఆకాశ నీలం), విరిడియన్ (ఆకుపచ్చ), రా సియన్నా (పసుపు గోధుమ), బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ), లైట్ రెడ్ (ఇటుక ఎరుపు). వీటికి తోడు తెల్ల గాష్ (కిందున్నదాన్ని కప్పేసే చిక్కటి నీటిరంగు) ఒక చిన్న ట్యూబు. నలుపు కొనకండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా కలిస్తే వచ్చే బూడిదరంగు నీలం వైపుకీ గోధుమ వైపుకీ ఎలా కావాలంటే అలా తిరుగుతుంది. మబ్బు కడుపు, గోడ నీడ, తడిసిన రాయి, అన్నీ దాంట్లోనే దొరుకుతాయి. ఈ రెండు రంగుల మిశ్రమం మీద ఒక సాయంత్రం ఖర్చు పెట్టండి, వృథా పోదు.

చోటూ సమయమూ

అక్కడికే వెళ్లి వేయగలిగితే అంతకన్నా కావాల్సింది లేదు. మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండ నెత్తిమీద ఉంటే గోడకీ నేలకీ తేడా పోయి అంతా చప్పగా కనిపిస్తుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఒక గోడ వెలుగులో, ఒక గోడ నీడలో ఉండేలా ఇంటి మూలకి ఎదురుగా నిలబడండి. ఈ వెలుగు మహా అయితే రెండు గంటలు ఉంటుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తీరంలో వేసేటప్పుడు అయిదారు కాన్వాసులు వెంట తీసుకెళ్లి, వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు. మనకి అన్ని అక్కర్లేదు గానీ, రెండు గంటలు దాటాక నీడలు సరిదిద్దుతూ కూర్చోకండి. మొదట్లో వేసిన నీడకే కట్టుబడండి.

ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. చాలా తీరాల్లో పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. మీరు స్కెచ్ మొదలుపెట్టినప్పుడు ఉన్న తడి ఇసుక, రంగు వేసే వేళకి నీళ్లలో ఉండొచ్చు. మోనేకి గురువులాంటి చిత్రకారుడు బూదాఁ తన పేస్టల్ స్కెచ్‌ల మీద తేదీ, గంట, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకునేవాడు. మీరూ కాగితం వెనక రాసుకోండి. ఇంటికొచ్చాక ఫొటో చూసి పూర్తి చేసేటప్పుడు ఆ మూడు ముక్కలూ చాలా పనికొస్తాయి.

గాలి ఉంటే ఇసుక ఎగిరొచ్చి తడి రంగులో పడుతుంది. పడనివ్వండి. 1870లో మోనే ఫ్రాన్స్ తీరంలో వేసిన ట్రూవిల్ బీచ్ బొమ్మలో ఇప్పటికీ ఇసుక రేణువులు రంగులో ఇరుక్కునే ఉన్నాయి, లండన్ నేషనల్ గ్యాలరీలో. కాగితాన్ని మాత్రం మీ నీడలో పెట్టుకోండి. ఎండలో మెరిసే కాగితం మీద వేస్తే కళ్లు చెదిరి రంగు ముదురుగా వేసేస్తాం, ఇంట్లోకి తెచ్చాక బొమ్మంతా నల్లబడినట్టు ఉంటుంది. ఇంకో మాట: ఎదురుగా అన్ని నీళ్లున్నా కుంచె ముంచడానికి మంచినీళ్లే తీసుకెళ్లండి. ఉప్పునీటితో వేస్తే వాష్ (పలచగా పరిచిన రంగు) ఆరాక ఉప్పు పూస్తుంది.

అసలు గీత

ఆకాశమూ సముద్రమూ కలిసే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. కూర్చుంటే మీతోపాటు దిగుతుంది, గుట్ట ఎక్కితే మీతోపాటు ఎక్కుతుంది. కంటి ఎత్తు 1.6 మీటర్లయితే మీకు కనిపించే ఆ అంచు దాదాపు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 30 మీటర్ల గుట్ట మీద నుంచి చూస్తే దాదాపు 20 కిలోమీటర్లు. మామూలుగా పర్‌స్పెక్టివ్ (దూరాన్ని కాగితం మీద చూపించే పద్ధతి) నేర్పేటప్పుడు కంటి ఎత్తు గీతని ఊహించుకోమంటారు. సముద్రం దగ్గర ఊహించే పనే లేదు. ప్రకృతే స్కేలు పెట్టి గీసి చూపిస్తోంది.

కాగితం మీద మొదటి గీత ఇదే కావాలి. మధ్యకి వేయకండి, బొమ్మ రెండు ముక్కలవుతుంది. ఆకాశం ముఖ్యమైతే కిందికి, ఇసుకా ఇల్లూ ముఖ్యమైతే పైకి జరపండి. రెండు పక్కల నుంచీ కొలిచి, సమానమైన ఎత్తులో చుక్కలు పెట్టి కలపండి. మిగతా బొమ్మలో ఎన్ని వంకరలున్నా పర్లేదు, ఇది వంగితే సముద్రం ఒలికిపోతుంది.

ఇప్పుడు ఇల్లు. మీరు నిలబడిన నేలా ఇంటి నేలా ఒకే మట్టంలో ఉన్నాయనుకుందాం. గుమ్మం ఎత్తు 2 మీటర్లు, మీ కన్ను 1.6 మీటర్ల దగ్గర. అంటే సముద్రపు గీతని ఇంటి మీదుగా పొడిగిస్తే అది గుమ్మాన్ని కింది నుంచి అయిదింట నాలుగు వంతుల ఎత్తులో కోయాలి. ఇల్లు దగ్గరున్నా దూరంగా ఉన్నా ఇదే లెక్క. కూర్చుని వేస్తే గీత దాదాపు గుమ్మం మధ్యలోకి వస్తుంది. అదే ఇసుకలో మనిషిని వేసినా అంతే: మీరు నిలబడి చూస్తే, మీ అంత ఎత్తున్న ప్రతి మనిషి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి, దగ్గరివాడివీ దూరంవాడివీ. ఈ ఒక్క లెక్క తెలిశాక నా ఇళ్లు గాల్లోంచి దిగి నేల మీద నిలబడ్డాయి.

గోడల గీతలు కూడా దాన్నే నమ్ముకుని ఉంటాయి. గీతకి పైనున్న చూరు దూరంగా వెళ్తున్నకొద్దీ కిందికి వాలుతుంది, గీతకి కిందున్న పునాది పైకి లేస్తుంది, రెండూ ఆ గీత మీదే ఎక్కడో కలుస్తాయి. ఇల్లు ఇసుక తిన్నె మీద, మీ కంటికన్నా పైన ఉంటే పునాది గీత కూడా కిందికే వాలాలి. మీరే గుట్ట మీదుండి ఇంటి కప్పుని పైనుంచి చూస్తుంటే అన్నీ పైకి లేస్తాయి, కొప్పు (కప్పు పై అంచు) కూడా సముద్రపు గీతకి కిందే ఉండిపోతుంది. మోనే 1882లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలో వారెంజ్‌విల్‌ దగ్గర కొండ అంచున ఒక చిన్న ఇంటిని పదే పదే వేశాడు. నెపోలియన్ కాలంలో స్మగ్లర్ల మీద నిఘాకి కట్టిన కాపలా గది అది. వాటిలో కొన్నింట్లో కప్పు పూర్తిగా నీలం మీదే పడేలా గీతని బాగా పైకి పెట్టాడు. ఆ ఒక్క ఎంపికతోనే కింద ఎంత లోతుందో చూసేవాళ్లకి కడుపులో తెలుస్తుంది.

ఫొటో చూసి వేస్తున్నారా? ఫోన్ కెమెరా వైడ్‌లో పెట్టి తీస్తే గోడలు లోపలికి వాలతాయి, ఒక్కోసారి సముద్రపు గీత కూడా వంగుతుంది. నీడలు నల్లగా, తెల్లగోడ ఖాళీగా వస్తాయి. ఫొటోలోంచి ఆకారం తీసుకోండి, గీతనీ నీడల రంగునీ మాత్రం నమ్మకండి.

పెన్సిల్ గీసేముందు అగ్గిపెట్టె సైజులో రెండు మూడు చిన్న స్కెచ్‌లు వేయండి. తెలుపు, బూడిద, ముదురు, మూడే మెట్లు. ఏది తెల్లగా వదలాలో అక్కడే తేల్చుకోవాలి. నీటిరంగుల్లో తెలుపు అంటే వదిలేసిన కాగితమే. తర్వాత గుర్తొచ్చి లాభం లేదు.

ఆకాశం

ఇది త్వరగా అయిపోవాలి. గోడలూ అలల నురగా వదిలేసి, ఆకాశం మేర మంచినీటితో తడపండి. తడి మెరుస్తుండగానే గీత దగ్గర పలచటి రా సియన్నా, మధ్యలో సెరూలియన్, పైన అల్ట్రామెరైన్. మబ్బులకి రంగు వేయకుండా వదిలి, కడుపు కింద మాత్రం ఆ బూడిద మిశ్రమం తాకించండి. గీతకి దగ్గరయ్యేకొద్దీ మబ్బులు చిన్నవిగా, పలచగా, చదునుగా అవుతాయి. ఆ తర్వాత ముట్టుకోవద్దు. సగం ఆరిన వాష్‌లో నీళ్లున్న కుంచె పెడితే కాలీఫ్లవర్ లాంటి అంచులున్న మరక పూస్తుంది, అది మబ్బులా ఉంటుందని ఎవరూ నమ్మరు. సముద్రం గాలిలో తేమ ఎక్కువైతే ఆరడానికి మీరనుకున్నదానికి రెట్టింపు సమయం పట్టొచ్చు, గాలి కొడితే నిమిషాల్లో ఆరిపోవచ్చు. వేలి వెనకభాగంతో తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్టే.

సముద్రం

సముద్రం మొత్తానికీ ఒకే నీలం పూస్తే గోడకి వేసిన పెయింట్‌లా ఉంటుంది. గాలి ఉన్న రోజు గీత దగ్గర నీళ్లని చూడండి, దాని పైనున్న ఆకాశం కన్నా ముదురుగా ఉంటాయి. దూరంలో మనకి కనిపించేవి అలల ముఖాలు. అవి మన వైపు వాలి ఉండటంతో గీత పక్కనున్న లేత ఆకాశాన్ని కాకుండా, పైనున్న చిక్కటి ఆకాశాన్ని చూపిస్తాయి. అందుకే గీత దగ్గర అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్ట్ సియన్నా. మధ్యలో సెరూలియన్, చిటికెడు విరిడియన్. ఒడ్డు దగ్గర మనం నీళ్ల మీదనుంచి కాదు, నీళ్లలోకి చూస్తాం. లేచిన ఇసుక కనిపిస్తుంది, కాబట్టి రా సియన్నా కలవాలి. గాలి లేని మంచు పొద్దున ఈ లెక్కంతా మారిపోతుంది, గీత దాదాపు కనిపించదు. అప్పుడు బలవంతంగా గీయకండి.

చదును కుంచెతో అడ్డంగా, గీతకి సమాంతరంగా లాగండి. అక్కడక్కడా కుంచెని పక్కకి వాల్చి, రంగు తక్కువగా పెట్టుకుని వేగంగా ఈడిస్తే కాగితం గుంటల్లో తెల్లచుక్కలు మిగులుతాయి. అదే ఎండ మెరుపు. మెల్లగా లాగితే రాదు. పనికిరాని కాగితం మీద పదిసార్లు ప్రయత్నించాక అసలుది ముట్టుకోండి.

అలల విషయంలో అందరూ చేసే తప్పు చేప పొలుసుల్లా సముద్రం నిండా గీసేయడం. అల ఎక్కడపడితే అక్కడ విరగదు. నీటి లోతు అల ఎత్తుకి సుమారు 1.3 రెట్ల దాకా తగ్గినప్పుడు విరుగుతుంది. కింద నేల లోతు ఒడ్డు పొడవునా ఒక వరసలో తగ్గుతుంది కాబట్టి నురగ కూడా వరసల్లోనే కనిపిస్తుంది. రెండు మూడు వరసలు చాలు, దూరం వెళ్లేకొద్దీ వాటి మధ్య ఎడం బాగా తగ్గాలి. విరగబోయే అల అంచు పలచగా ఉంటుంది, ఎండ దాంట్లోంచి దూరి లేత ఆకుపచ్చగా వెలుగుతుంది. దాని కిందిభాగం ముదురు. నురగ కాగితం తెలుపే, కానీ ఎండ పడని వైపు దానికీ నీడ ఉంటుంది, నీలి బూడిదరంగులో. ఆ నీడ వేయకపోతే దూది అంటించినట్టు ఉంటుంది.

ఇసుకకి రా సియన్నాలో పిసరు లైట్ రెడ్. తడి ఇసుక పొడిదానికన్నా బాగా ముదురు, పైగా అద్దం లాంటిది. ఆకాశం రంగు దాంట్లో పడాలి. ప్రతిబింబాలు ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికి, నీడలు మాత్రం ఎండని బట్టి పక్కకి. రెండింటినీ కలిపేయకండి.

పాత ఇల్లు

ఇంతదూరం వచ్చాక ఉత్సాహం ఆగదు. ప్రతి పెంకూ ప్రతి పగులూ వేయాలనిపిస్తుంది. నేనైతే ఒకసారి కప్పు మీద పెంకులన్నీ లెక్కపెట్టి మరీ వేశాను. బొమ్మ చూసినవాళ్లు "పెంకులు బాగున్నాయి" అన్నారు, సముద్రం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

వయసు ముందు ఆకారంలో కనిపించాలి. తీరంలో పాత ఇళ్లు గాలికి భయపడి కట్టినవి: పొట్టిగా, గోడలు లావుగా, కిటికీలు చిన్నగా. ఐర్లండ్ పడమటి తీరంలోనూ స్కాట్లండ్ దీవుల్లోనూ గడ్డికప్పు ఎగిరిపోకుండా తాళ్లు బిగించి చివర రాళ్లు వేలాడదీసేవారు. మీరు వేసే ఇల్లు ఏ తీరానిదైతే ఆ తీరం కప్పే వేయండి, ఒకచోటి గోడ మీద ఇంకోచోటి కప్పు పెట్టకండి. కొప్పు గీతని స్కేలుతో గీయొద్దు. వాసాలు వంగి మధ్యలో కొంచెం కుంగి ఉంటుంది. అరచేతి పొడవు కొప్పుకి 2 మిల్లీమీటర్ల వంపు చాలు, అంతకు మించితే కార్టూన్ అవుతుంది.

ఎండ పడే తెల్లగోడని దాదాపు కాగితంగానే వదలండి, మహా అయితే నీళ్లలాంటి రా సియన్నా. అది తెల్లగా కనిపించేది దాని పక్కనున్నవి ముదురుగా ఉండటం వల్లే. నీడగోడకి అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా కలిపి ఒకేసారి దించేయండి. తడి ఉండగానే గోడ అడుగున కాస్త లైట్ రెడ్ తగిలించండి. ఎండలో ఉన్న ఇసుక తన వెలుగుని గోడ మీదికి విసురుతుంది, అందుకే నీడగోడ అడుగున వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది. ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి మీకు ధైర్యం చాలినదానికన్నా ఒక మెట్టు ముదురుగా వేయండి. చూరు కింది నీడ మాత్రం ఒక్క లాగుడులో, మళ్లీ దిద్దకుండా. నా లెక్కలో బొమ్మ మొత్తంలో ఇల్లుని నిలబెట్టేది ఆ ఒక్క కుంచె గీతే.

ఇక పాతబడిన గుర్తులు. వీటిని ఎక్కడ పెట్టాలో కారణం తెలిస్తే చేయి దానంతటదే అక్కడికి వెళ్తుంది. నేలలోంచి తడి గోడలోకి ఎక్కుతుంది, ఆరేటప్పుడు ఉప్పు లోపల గడ్డకట్టి సున్నాన్నీ గచ్చునీ బయటికి నెడుతుంది. కాబట్టి పెచ్చులు ఎక్కువగా గోడ కింది భాగంలో ఊడతాయి, నడిమధ్యలో అందంగా గుండ్రంగా కాదు. తుప్పు మరక తలుపు బందు దగ్గరో మేకు దగ్గరో పుట్టి నిట్టనిలువుగా కిందికి జారుతుంది, పైన ముదురుగా, కింద కరిగిపోతూ. తడి గోడ మీద బర్న్ట్ సియన్నా చుక్క పెట్టి కాగితాన్ని కాసేపు నిలువుగా పట్టుకుంటే అదే జారుతుంది. రంగు వేయని చెక్క ఎండకీ వానకీ వెండి బూడిదరంగులోకి మారుతుంది, కానీ చూరు కింద వాన తగలని చోట ఇంకా గోధుమరంగు మిగిలుంటుంది. కప్పు మీద నారింజ పసుపు రంగులో మచ్చల్లా పెరిగే లైకెన్ ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. మూడు నాలుగు చుక్కలు చాలు.

కప్పుకి ముందు మొత్తంగా ఒక వాష్ వేయండి, తడిలోనే అక్కడక్కడా రంగు మార్చండి. ఆరాక పెంకుల వరసల్ని చూరు అంచునా కొప్పు దగ్గరా మాత్రమే సూచించండి. మిగతాది చూసేవాళ్ల కన్ను నింపుకుంటుంది. కిటికీలు లావు గోడలో లోతుగా కూర్చుని ఉంటాయి, అందుకే పై అంచుకీ ఒక పక్కకీ నీడ పడుతుంది. అద్దాలన్నీ ఒకే నలుపుతో నింపితే ఇల్లు పుర్రెలా చూస్తుంది. పైన ముదురుగా మొదలుపెట్టి కిందికి లేతగా దించండి, ఒక అద్దంలో ఆకాశం ముక్క వదలండి.

చివరి పనులు

ఇంకా వేయాలనిపిస్తే గాలి ఎటు వీస్తోందో చూసుకుని వేయండి. గడ్డి ఒకవైపు వాలి, పొగ ఇంకోవైపు పోయి, నురగ తుంపర మరోవైపు ఎగిరితే ఎక్కడ తప్పుందో తెలియకపోయినా చూసేవాళ్లకి ఏదో ఇబ్బందిగా ఉంటుంది. పక్షులు వేసేటట్టయితే రెండు కొండల మధ్య సూర్యుడి బొమ్మలోలా రెండు వంపుల పక్షులు వద్దు. ఒకటి పక్కకి తిరిగి, ఒకటి రెక్క వాల్చి, అంతే.

మరిచిపోయిన మెరుపుల కోసం పూర్తిగా ఆరిన కాగితం మీద బ్లేడు మొనతో సన్నగా గీకొచ్చు. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్, అమెరికా చిత్రకారుడు విన్స్‌లో హోమర్ ఇద్దరూ చేసిన పనే. తెల్ల గాష్ తాళ్లకీ, కిటికీ చట్రాలకీ సరిపోతుంది, అలల మీద పులమకండి. ఎక్కువ ముదురైన చోట తడి కుంచెతో రుద్ది టిష్యూతో అద్దితే అల్ట్రామెరైన్ చాలావరకు లేస్తుంది. థాలో నీలం లాంటివి మరకలా పట్టేస్తాయి, నా జాబితాలో అవి లేకపోవడానికి కారణం అదే.

బొమ్మని అద్దంలో చూడండి. అలవాటుపడిన కంటికి దొరకని వంకరలన్నీ అద్దంలో బయటపడతాయి, ముఖ్యంగా సముద్రపు గీత. పూర్తిగా ఆరాక టేపుని బొమ్మకి దూరంగా, ఏటవాలుగా, మెల్లగా లాగండి. గీత ఒకవైపు ఒక మిల్లీమీటరో రెండో వాలిందని అప్పుడు తేలితే కంగారు పడొద్దు. స్కేలుని కాగితం అంచుకి కాకుండా ఆ గీతకి సమాంతరంగా పెట్టి నాలుగు అంచులూ మళ్లీ కోసేయండి.